తీగల్లో తిమ్మిరి

జహీరాబాద్,
చిరాగ్‌పల్లి రోడ్డు,
ఫిబ్రవరి 4.

సహస్రా,

ఉత్తరమేంటే అని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ అందరిదీ. మోగగానే ఎవరి చేతికి అందితే వాళ్ళు ఎత్తి, స్పీకర్ పెట్టి, నీ ఆరోగ్యం, నీ పెళ్ళి కబుర్లు అన్నీ అడిగి, ఆఖరికి నాకిస్తారు. మెసేజ్‌లేమో మా తోటికోడలు రేఖక్క కూతురు దీక్షిత గట్టిగా కూడబలుక్కుని చదువుతుంది. పిల్లకి చదువొస్తోందని ఇల్లంతా మురిసిపోతుంది. కవరు మాత్రం ఎవరూ చింపరు. అంటించిన కవరంటే మా మామయ్యకి ఎందుకో గొప్ప గౌరవం. కాబట్టి నువ్వూ ఉత్తరమే రాయి.

అసలు సంగతికొస్తాను. నా గిటార్ అటక దిగింది. పెళ్ళయిన మూడేళ్ళకి! నువ్వు ఆడపిల్లల బ్యాండ్ పెడుతున్నావనీ, నేను ఇల్లు కదలకుండా నా భాగం వాయించి రికార్డు చేసి పంపితే చాలన్నావనీ రాకేశ్‌తో చెప్పాను. ఆయన వాళ్ళమ్మతో, ఆవిడ మామయ్యతో చెప్పారు. మామయ్య అల్లం బస్తాల మీద కూర్చుని కాసేపు ఆలోచించి, "వాయించుకో బిడ్డా. మందికి ఇనబడకుంట తలుపేసుకో" అన్నారు.

తలుపేసుకున్నాను. గిటార్ వైరు ఆంప్ స్పీకర్‌కి తగిలించాను. అంతే, గుంయ్‌మని రొద! కాలేజీలో వాయించినప్పుడు కూడా ఇది కొంచెం గుంయ్‌మనేది, నిజమే. కానీ ఇది అలాంటిది కాదు. మా చెరుకు తోట మోటారు నా ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉంది. పాట మొదలవకముందూ రొదే, ఆపాకా రొదే. రికార్డు చేసి పంపితే నీకు వినిపించేది మా ఇంటి కరెంటే తప్ప నేను కాదు.

ఏం చేయాలో చెప్పు. వీళ్ళంతా మంచివాళ్ళే. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు 'తిన్నవా' అని అడుగుతూనే ఉంటారు. నీకేం కావాలి అని మాత్రం ఇదే మొదటిసారి అడిగారు. ఈ ఒక్కటి పోగొట్టుకోలేను.

నీ
మానస


హైదరాబాద్,
ఫిబ్రవరి 13.

తలుపేసుకున్న మహారాణి గారికి,

ఎంత సంతోషమేసిందో! నీ అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయి.

రొద గురించి విను. రోజంతా నా గిటార్ల మరమ్మతు బల్ల మీద నేను పడే గొడవ ఇదే. నీ గిటార్‌లో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు. అయస్కాంతం చుట్టూ జుట్టంత సన్నటి రాగి తీగ చుట్ట, అంతే. పైన గిటార్ తీగ కదిలితే దాన్ని పట్టుకోవడం వాటి పని. పాపం వాటికి ఏది పాటో ఏది ట్యూబ్‌లైటో తెలియదు. చుట్టుపక్కల కరెంటు ఎక్కడ నడుస్తున్నా దాన్నీ పట్టుకుని పాడేస్తాయి. రెండు చుట్టలు జంటగా పెట్టి రొదని కొట్టేసే రకం కూడా ఉంది. దానికి ఆ గాజులాంటి స్వరం రాదని షాపులో నాతో తగువు పెట్టుకుని మరీ దీన్ని కొన్నావు. అనుభవించు.

ముందు ట్యూబ్‌లైటు ఆర్పి చూడు, ఫ్యాన్ రెగ్యులేటర్ కట్టేసి చూడు. ఫ్రిజ్ ఉన్న గోడకి ఆనుకుని కూర్చోకు. తర్వాత గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా చుట్టూ తిరుగు. ఎక్కడో ఒక దిక్కున రొద సగానికి సగం పడిపోతుంది. ఆ దిక్కు దొరికితే కదలకు. తీగల మీద చేయి వేసినప్పుడు రొద తగ్గుతోందా లేదా అన్నది కూడా చూసి రాయి. అది తెలిస్తే రోగం గాలిలోంచి వస్తోందో, ఎర్త్‌లో ఉందో చెప్పగలను.

మేలోపు నీ భాగం కావాలి. నీ చోటు ఖాళీగా ఉంచాను. ఇంకెవరినీ కూర్చోబెట్టను.

సహస్ర


జహీరాబాద్,
మార్చి 2.

సహస్రా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ట్యూబ్‌లైటు ఆర్పగానే అత్తమ్మ తలుపు తోసుకుని వచ్చి "చీకట్ల గూసున్నవెందుకు? పాణం మంచిగ లేదా?" అన్నారు. ఫ్యాన్ కట్టేస్తే రేఖక్క వచ్చి రెగ్యులేటర్ పాడైందేమో అని మళ్ళీ వేసింది. ఈ ఇంట్లో మనిషి ఊరికే కూర్చుంటే జబ్బు చేసినట్టు లెక్క.

చివరికి దిక్కు దొరికింది. మంచానికీ బీరువాకీ మధ్య సందులో, మోకాళ్ళు బీరువాకి తగిలేలా, ముఖం మూలకి పెట్టి, వీపు తలుపు వైపు తిప్పి కూర్చుంటే రొద బాగా తగ్గుతుంది. ఒక్క జానెడు అటు తిరిగినా మళ్ళీ గుంయ్. చిన్నప్పుడు బడిలో టీచరు మూల నిలబెట్టేది చూడు, అలా ఉన్నాను. వెనక నుంచి ఎవరు వచ్చి చూసి పోతున్నారో కూడా తెలియదు. అయినా వాయించాను. నువ్వు పంపిన పాట పల్లవి మొత్తం వచ్చేసింది. ఏడ్చాను కూడా, నీకు కాక ఇంకెవరికి చెప్పను!

ఇక నువ్వడిగినది. తీగల మీద చేయి వేస్తే రొద తగ్గుతోంది. కానీ వేళ్ళు జివ్వుమని తిమ్మిరెక్కుతున్నాయి. ఇన్నాళ్ళు వాయించక వేళ్ళ చివర్లు మెత్తబడిపోయాయి, మళ్ళీ కాయలు కాసేదాకా తప్పదనుకుంటాను. గది తుడిచిన వెంటనే, నేల తడి ఆరకముందు కూర్చుంటే మరీ ఎక్కువ. చల్లదనానికేమో. అత్తమ్మకి కూడా చేతులు ఇలాగే అంటాయట, నరాల బలహీనత అని మాత్రలు మింగుతున్నారు. వాళ్ళ మామగారు శంకరప్ప తాత లింగైక్యం చెందిన దిగులుతో మొదలైందని అంటారు. నాకు నవ్వొచ్చింది, అత్తాకోడళ్ళకి ఒకటే జబ్బు!

మానస


హైదరాబాద్,
మార్చి 7.

మానసా,

అది వేళ్ళు మెత్తబడి కాదు. షాక్. నీకు షాక్ కొడుతోంది. మీ అత్తగారికి కూడా.

ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. మీ అత్తగారు ఎత్తారు. నువ్వు పెరట్లో ఉన్నావన్నారు. "గిటార్ ముట్టుకోవద్దని చెప్పండి, షాక్ ఉంది, ఇంటి ఎర్త్ చూపించండి" అని గట్టిగా చెప్పాను. "సరే బిడ్డా" అన్నారు. చెప్పారా?

మీటరు దగ్గర గోడ మీద ఒక ఇనప పట్టీ ఉంటుంది. అది కిందికి దిగి నేలలోకి పోవాలి. పోయిన చోట ఎర్త్ గుంత, నీళ్ళు పోసే పైపు ఉండాలి. ఎక్కడికి పోతోందో చూసి వెంటనే రాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా ఏ ఇనప వస్తువూ ముట్టుకోకు. దణ్ణం పెడతాను.

సహస్ర


జహీరాబాద్,
మార్చి 19.

సహస్రా,

చెప్పారు. ఎలా చెప్పారో విను.

అందరూ భోజనానికి కూర్చున్నారు. "సహస్ర ఫోన్ జేసింది. మానస గిటార్ ముట్టొద్దట. దాంట్ల షాకున్నదట" అన్నారు అత్తమ్మ. ఎర్త్ మాట ఆవిడకి గుర్తులేదు. మామయ్య చేతిలో జొన్నరొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. "గిటార్ల షాకా? అట్లాంటిది ఇంట్ల వెట్టుకుంటరా?" అన్నారు. అత్తమ్మ తన చేతులు చూసుకుని "అందుకేనేమో నాకు వేళ్ళు జుమ్ము జుమ్మంటున్నయి" అన్నారు. గిటార్ మొన్నటిదాకా అటక మీదే ఉంది కదా అత్తమ్మా అన్నాను. "అటక మీదున్నా ఇంట్లనే ఉండె గద. నువ్వొచ్చినప్పటిసంది ఉన్నది" అన్నారు. కోపంగా కూడా కాదు, జాలిగా అన్నారు. ఇప్పుడు గిటార్ బీరువాలో ఉంది. తాళం మామయ్య మొలతాడుకి ఉంది.

పట్టీ వెతికాను. బట్టలు ఆరేసే వంకతో గోడ వెంట పోయాను. అది నేలలోకి దిగి, ఇంటి వెనక శంకరప్ప తాత సమాధి గద్దె కిందికి పోయింది. మాలో కాల్చరు, తెలుసు కదా. సొంత పొలంలోనే కూర్చోబెట్టి సమాధి చేస్తారు. తాతని పెరటి పక్కనే కూర్చోబెట్టారు, మామయ్య పైన నల్ల గ్రానైట్ గద్దె కట్టించారు. రేఖక్కని మాటల్లో పెట్టి అడిగితే, "ఆడ ఒక పైపుండె. తాత ఎండకాలం దాంట్ల చెంబెడు నీళ్ళు వోస్తుండె. గద్దెకు అడ్డమొస్తున్నదని మేస్త్రీ కోసేసిండు" అంది. పైపుతో పాటు పట్టీ కూడా కోసేసి ఉంటాడు. రోజూ పొద్దున మామయ్య ఆ గద్దె కడిగి, విభూతి పెట్టి, పత్రి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడతారు. ఆ నీళ్ళు రాయి మీంచి జారి కాలవలో పోతాయి.

తాత గద్దె వల్ల ఇంట్లో షాక్ కొడుతోందని చిన్న కోడలు ఏ నోటితో చెప్పాలో నువ్వే చెప్పు.

మానస


హైదరాబాద్,
మార్చి 27.

మానసా,

నా ఫోన్ వల్లే నీ గిటార్ పోయింది. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

కానీ జాగ్రత్తగా విను. ఇంట్లో అన్నిటి ఎర్త్ తీగా ఒక్కటే. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్, నీ ఆంప్ అన్నీ దానికే తగిలి ఉంటాయి. ఏదో ఒకటి లోపల పాడై కరెంటు కక్కుతోంది. అది మట్టిలోకి పోవాలి. దారి కోసేశారు కాబట్టి మిగతా వాటన్నిటికీ ఎక్కుతోంది, ఆంప్ లోంచి నీ తీగల్లోకి కూడా. గిటార్ దాన్ని పట్టి ఇచ్చింది, అంతే. మీ మగవాళ్ళకి ఎందుకు తెలియడం లేదు? చెప్పులేసుకుంటారా ఇంట్లో?

గద్దె ముట్టుకోనక్కర్లేదు. ఇంకో చోట కొత్త గుంత తవ్వి, కరెంటు లీకైతే దానంతట అదే పడిపోయే స్విచ్ ఒకటి పెడితే చాలు. ఒక పూట పని. రాకేశ్‌కి చెప్పు. చెప్పి ఊరుకోకు, చేయించు. ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

ఇంకోటి. మేలో కార్యక్రమం ఖాయమైంది. మిగతా ముగ్గురూ అడుగుతున్నారు. నీ భాగం ప్రస్తుతానికి ఇంకో అమ్మాయి నేర్చుకుంటోంది. ప్రస్తుతానికే.

సహస్ర


జహీరాబాద్,
ఏప్రిల్ 10.

సహస్రా,

ప్రస్తుతానికి అని రెండుసార్లు రాశావు. సరే.

నీ ప్రశ్నకి జవాబు. మామయ్యకి మడమ నొప్పి, ఇంట్లో కూడా రబ్బరు చెప్పులే. బావగారు పొద్దున్నే కోహీర్ వైపు అల్లం బేరానికి పోతే చీకటి పడ్డాకే రావడం. రాకేశ్ ఫ్యాక్టరీ బూట్లు విప్పేది మంచమెక్కేటప్పుడు. తడి నేల మీద వట్టి కాళ్ళతో తిరిగేది మేం ముగ్గురమే.

రాకేశ్‌కి అన్నీ చెప్పాను. ఆయన విన్నారు. నమ్మారు కూడా, ముఖం చూస్తే తెలిసింది. "మా నాయినతోని ఎట్ల జెప్పాలె మానసా? తాత గద్దె కాడ తప్పు జరిగిందంటే ఆయన పాణం ఊకుంటదా? జర ఆగు. ఈ అల్లం పెట్టుడు అయిపోనీ" అన్నారు. నాటడం అయ్యాక అల్లం తవ్వడం ఉంటుంది, ఆ తర్వాత చెరుకు కోత ఉంటుంది. ఈ ఇంట్లో మంచి మాటకి మంచి రోజు ఉండదు.

ఒకసారి అత్తమ్మతోనే అనబోయాను, ఫ్రిజ్ ముట్టుకుంటే ఏమైనా అనిపిస్తోందా అని. "గిటార్ ఇంట్లున్నంతసేపు గట్లనే ఉంటది" అన్నారు. ఏమన్నా అక్కడికే వస్తోంది. గిటార్ ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఇంకో వైపు చూడరు. నాకు ఒళ్ళు మండిపోతోంది సహస్రా. తప్పు చేయని గిటార్‌ని నేను కాపాడుకోవాలంటే, ముందు దాన్ని ఇంట్లోంచి పంపేయాలి.

అందుకే నిన్న మామయ్య దగ్గర తాళం అడిగాను. ఎందుకన్నారు. హైదరాబాద్ పంపేస్తానన్నాను. ఆయన నా తల మీద చేయి పెట్టి "మంచిగ ఆలోచించినవ్ బిడ్డా" అన్నారు. బస్సు పార్శిల్‌లో వేశాం. ఈ ఉత్తరం అందగానే పోయి తెచ్చుకో. దుప్పట్లో చుట్టాను. తీగలు వదులు చేశాను.

మానస


హైదరాబాద్,
ఏప్రిల్ 14.

మానసా,

చేరింది. దెబ్బ తగల్లేదు. బల్ల మీద పెట్టి తగిలించి చూశాను, కొంచెం గుంయ్, అంతే, షాక్ లేదు. తీగలు బిగించి పాటలో నీ భాగం ఒకసారి వాయించి పెట్టెలో పెట్టేశాను. ఎక్కువసేపు వాయించలేకపోయాను.

సహస్ర


జహీరాబాద్,
మే 6.

సహస్రా,

నవ్వు ఆపుకుని రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

గిటార్ పోయాక అత్తమ్మ మాత్రలు మానేశారు. రోజూ పొద్దున చేతులు చూసుకునేవారు. మొన్న నేను పప్పు కడుగుతుంటే వెనకే వచ్చి నిలబడి "నిజంగనే పంపినవా? యాడన్న దాసినవా?" అన్నారు. పంపాను అత్తమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. మంచం కింద చూశారు, దుప్పట్ల పెట్టె తెరిచారు, అటక మీదికి దీక్షితని ఎక్కించారు. ఎక్కడా లేదు. అప్పుడు నా ముందు చేయి చాపి "మరి ఇదేంది?" అన్నారు. కళ్ళలో నీళ్ళున్నాయి. తనకి నిజంగానే పెద్ద జబ్బేదో వచ్చిందనుకున్నారు పాపం.

అంతలో రేఖక్క ఆగలేకపోయింది. "నేనైతే ఫ్రిజ్‌ను తడిచేత్తోని ముట్టుడే బంద్ జేసిన. కొంగుతోని తెరుస్త. దీక్షితకు గూడ అట్లనే నేర్పిన" అంది. ఎందుకు చెప్పలేదక్కా అంటే "నాకొక్కదానికే అయితున్నదనుకున్న. పుట్టింట్ల చెప్తె దవాఖానకు తీస్కపోతరని ఊకున్న" అంది. ముగ్గురం అక్కడే నేల మీద కూర్చుండిపోయాం. ఒకే వంటింట్లో తిరుగుతూ ముగ్గురం మూడు జబ్బులు దాచుకున్నాం.

బావగారి పెట్టెలోంచి టెస్టర్ తెచ్చాను. ఫ్రిజ్ పిడి మీద వెలిగింది. వాషింగ్ మెషీన్ మీద వెలిగింది. గీజర్ ప్లగ్గు పీకగానే అన్నిటి మీదా ఆరిపోయింది. అప్పుడు ఆవిడకి గోడ మీది పట్టీ చూపించాను. అది ఎక్కడికి పోతోందో నేను చెప్పలేదు, ఆవిడే చూశారు. చాలాసేపు గద్దె వైపు చూసి, "రేపొద్దుగాల దాంక ఆగు. ప్లగ్గు మల్ల వెట్టు" అన్నారు.

పొద్దున మామయ్య గద్దె దగ్గర పూజ ముగించారు. తడి పంచె, తడి కాళ్ళు. చెప్పుల కోసం కాలు చాపబోతుంటే అత్తమ్మ వాటిని అవతలికి నెట్టేసి "జర గట్లనే లోపటికి రా" అన్నారు. "ఏందే?" అంటూ వచ్చారు. "ఫ్రిజ్ తలుపు తియ్యి." తీయబోయి "అమ్మో!" అని చేయి వెనక్కి లాగేసుకున్నారు. "తాత వోయినప్పటిసంది నాకు గిట్లనే ఉన్నది. నరాలు వోయినయన్నరు నాకు" అన్నారు అత్తమ్మ. ఆయన చేతిని పంచెకి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది, నిజం.

రామ్‌కిషన్ అని కరెంటు పని చేసే ఆయన వచ్చి వంటింటి వెనక కొత్త గుంత తవ్వాడు. ఉప్పు, బొగ్గు వేసి కప్పాడు. స్విచ్ పెట్టాడు, గీజర్ తీసేశాడు. గద్దె మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తరు కూడా. ఎత్తకపోయినా ఫర్వాలేదు నాకు.

సహస్రా, ఇప్పుడు అడగొచ్చు కదా?

మానస


హైదరాబాద్,
మే 12.

ఓ మానసమ్మా,

ఉత్తరం బ్యాండ్ అందరికీ చదివి వినిపించాను. మీ మామయ్య ఫ్రిజ్ ముట్టుకున్న చోటికి రాగానే ఒక అమ్మాయి చప్పట్లు కొట్టింది!

అడగొచ్చా అంటావేంటి? అడుగు! పెట్టె సర్దేశాను. పికప్‌ల గూట్లో రాగి రేకు అంటించాను, రొద ఇంకొంచెం తగ్గుతుంది. వాళ్ళకి ఇంకా భయమైతే బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ ఉంది, గోడకి తగిలించక్కర్లేదు, అది కూడా పంపిస్తాను. మే పోతే పోయింది, ఇంకో పాట ఉంది. ఒక్క మాట రాయి చాలు, బస్సులో వేసేస్తాను. లేకపోతే నేనే మోసుకుని వస్తాను.

సహస్ర


జహీరాబాద్,
జూన్ 3.

సహస్రా,

అడిగాను.

నిన్న సోమవారం. చుట్టాలు వచ్చారు. అందరి ముందూ మామయ్య నన్ను పిలిచి, "మా చిన్న కోడలు లేకుంటే మేం ఎవలమో ఒకలం వోదుము. ఇంటిని కాపాడింది" అన్నారు. ఆయన అలా ఎవరినీ పొగడరు. బీదర్ నుంచి తెప్పించిన ఒక పెట్టె నా ముందు పెట్టించారు. తీస్తే హార్మోనియం. కొత్తది, టేకు వాసన వస్తోంది. "గిటార్ పంపినప్పుడు నీ మొఖం జూసిన బిడ్డా. మర్చిపోలె. దీనికి కరెంటు వద్దు, వైరొద్దు. సోమవారం సోమవారం గద్దె కాడ భజనకు నువ్వే వాయించాలె. తలుపేసుకునే పని గూడ లేదు" అన్నారు. అత్తమ్మ కళ్ళు తుడుచుకున్నారు. చుట్టాలందరూ నా వైపే చూస్తున్నారు.

అప్పుడే అడిగాను. మామయ్యా, గిటార్ తెప్పించుకుంటాను, ఇప్పుడు భయం లేదు కదా అన్నాను. ఆయన నవ్వారు. "ఇల్లు ఇప్పుడు సల్లగుంది గద బిడ్డా. మల్ల ఆ కరెంటు వస్తువెందుకు?" బ్యాటరీది ఉందట అన్నాను. "బ్యాటరీల మాత్రం కరెంటు కాదా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ హార్మోనియం మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడుస్తూ కూర్చున్నారు. రాకేశ్ వైపు చూశాను. ఆయన తల ఊపారు, తర్వాత మాట్లాడదాం అన్నట్టు. మామయ్య కాళ్ళకి దణ్ణం పెట్టాను. అంత ప్రేమగా ఇచ్చినదాన్ని వద్దనడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

వీళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే ఎంత బాగుండేది! పోట్లాడేదాన్ని, నీ దగ్గరికి వచ్చేసేదాన్ని. నాకు కోపంగా ఉంది, ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

గిటార్ పంపొద్దు. నా భాగం నేర్చుకున్న ఆ అమ్మాయికి ఇవ్వు. ప్రస్తుతానికి అని చెప్పి ఇవ్వకు, ఇచ్చేయి.

ఇందాక అందరూ పడుకున్నాక వంటింట్లో గిన్నెలు కడిగి, ఆ తడి చేతులతోనే, వట్టి కాళ్ళతో ఫ్రిజ్ పిడి పట్టుకుని నిలబడ్డాను. తర్వాత వాషింగ్ మెషీన్ మీద అరచేయి ఆనించాను. తర్వాత కుళాయి. రామ్‌కిషన్ పని బాగా చేశాడు. ఈ ఇంట్లో ఇప్పుడు నేను ఏది ముట్టుకున్నా ఏమీ కాదు.

మానస